ఓటమి లేదు... అయినా పిలుపు రాలేదు!

ఆడిన ప్రతి ఆటా గెలిచిన జట్టును 'మీ స్థాయి వేరు, పక్కకుండండి' అని పంపించేసే పోటీ ఉంటుందా? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో దశాబ్దాల పాటు జరిగింది అదే. ఇప్పుడు తలుపు తెరుచుకుంది. చిన్న కాన్ఫరెన్స్ జట్లు జాతీయ ప్లేఆఫ్ దాకా వస్తున్నాయి. కానీ వచ్చిన జట్టు వచ్చినట్టే ఉండటం లేదు. కోచ్ వెళ్లిపోతాడు, ఆటగాళ్లు వెళ్లిపోతారు, ఒక్కోసారి జట్టుకు జట్టే పెద్ద గూటికి చేరిపోతుంది. కోట్ల డాలర్ల ఆటలో చిన్న కాలేజీల పోరాటం ఇది.

2025 డిసెంబరు 20, శనివారం. జాతీయ ప్లేఆఫ్ తొలి రౌండులో రెండు చిన్న జట్లు బరిలోకి దిగాయి. న్యూ ఆర్లియన్స్ నుంచి మిసిసిపీ వెళ్లిన టులేన్‌ను ఓల్ మిస్ 41-10 తేడాతో చిత్తు చేసింది. వర్జీనియాలోని హారిసన్‌బర్గ్ నుంచి దేశం ఆ చివరకు వెళ్లిన జేమ్స్ మాడిసన్‌ను ఒరెగాన్ 51-34తో ఇంటికి పంపింది. ఒకే ఏడాది రెండు చిన్న కాన్ఫరెన్స్ జట్లు ప్లేఆఫ్‌కు రావడం అదే మొదటిసారి. ఆ సంబరం ఒక్కరోజు కూడా నిలవలేదు. 'వీళ్లను అసలెందుకు రానిచ్చారు? ఆ చోటు నోటర్‌డామ్‌ లాంటి పేరున్న జట్టుకిస్తే పసందైన ఆట చూసేవాళ్లం కదా' అన్న విమర్శలు వెల్లువెత్తాయి.

పన్నెండు రోజులు గడిచాయి. కొత్త సంవత్సరం రోజున అదే ప్లేఆఫ్‌లో భాగంగా జరిగిన రోజ్ బౌల్‌లో అలబామా, ఇండియానా చేతిలో 38-3తో ఓడింది. అలబామా అంటే ఈ ఆటలో మహారాజ వంశం. తేడా 35 పాయింట్లు. టులేన్ ఓడిందీ అంతకంటే తక్కువ తేడాతోనే, జేమ్స్ మాడిసన్ ఓడిందీ తక్కువ తేడాతోనే. అయినా 'అలబామా ఆడే కాన్ఫరెన్స్ నుంచి ఇకమీదట జట్లను తీసుకోవద్దు' అని ఎవరూ అనలేదు. పేరున్నవాళ్లు చిత్తుగా ఓడితే ఆ రోజు బాగాలేదంటారు. పేరులేనివాళ్లు ఓడితే అర్హతే లేదంటారు. చిన్న జట్లు ఎదుర్కొనే వివక్ష మొత్తం ఈ ఒక్క తేడాలో ఉంది.

ఆట వాళ్లది... తీర్పు పదమూడు మందిది

బంతిని చేత్తో పట్టి పరిగెత్తే, విసిరే అమెరికన్ ఫుట్‌బాల్ ఇది. అక్కడి జనానికి ప్రొఫెషనల్ లీగ్ మీదే కాదు, కాలేజీ ఆట మీదా పిచ్చే. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో సీట్లే లక్షా ఏడువేల పైచిలుకు. మన పిల్లలు ఎమ్మెస్‌కని వెళ్లి, ఆట నియమాలు తెలియకుండానే కాలేజీ రంగు టీషర్టు తొడుక్కుని ఫొటోలు పంపేది ఈ స్టేడియాల నుంచే. వాళ్లలో కొందరు చదివేది ఈ కథలోని సిన్సినాటి, హ్యూస్టన్, సెంట్రల్ ఫ్లోరిడా, నార్తర్న్ ఇలినాయ్ లాంటి యూనివర్సిటీల్లోనే.

పై శ్రేణిలో 2025లో 136 జట్లున్నాయి. అవి కాన్ఫరెన్స్‌లనే సంఘాలుగా విడిపోయి ఉంటాయి. ఎస్ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ... ఈ నాలుగూ పెద్దవి. అమెరికన్, మౌంటెన్ వెస్ట్, సన్ బెల్ట్, మిడ్ అమెరికన్, కాన్ఫరెన్స్ యూఎస్ఏ... ఈ ఐదూ చిన్నవి. ఒక్కో జట్టు సీజన్‌లో ఆడేది పన్నెండు ఆటలు. అందులో ఎనిమిదో తొమ్మిదో సొంత కాన్ఫరెన్స్‌లోనే అయిపోతాయి. మిగిలిన మూడు, నాలుగు ఆటలే బయటివాళ్లతో. అంటే ఒక మూల జట్టుకు మరో మూల జట్టుతో తలపడే సందర్భమే రాదు. మరి ఎవరు గొప్పో తేల్చేదెవరు?

ఒక కమిటీ. పదమూడు మంది సభ్యులు టెక్సస్‌లోని గ్రేప్‌వైన్‌లో ఒక హోటల్లో కూర్చుని 25 జట్లకు ర్యాంకులు వేస్తారు. డాలస్ విమానాశ్రయంలో దిగే తెలుగువాళ్లకు పక్కనే కనిపించే ఊరే అది. 'ఎన్ని గెలిచారు' అన్నదొక్కటే వాళ్లు చూడరు. 'ఎవరి మీద గెలిచారు' అన్నది అంతకంటే ఎక్కువగా చూస్తారు. అడగాల్సిన ప్రశ్నే. చిక్కేమిటంటే, ఎవరితో ఆడాలన్నది చిన్న జట్టు చేతిలో లేదు.

గెలుస్తూనే ఉన్నారు

చిన్న కాన్ఫరెన్స్ నుంచి ఒక జట్టు జాతీయ విజేత కావడం ఆఖరుసారి 1984లో జరిగింది. యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఆ ఏడాది పదమూడుకు పదమూడూ గెలిచింది. అప్పట్లో ఫైనల్ అంటూ ఉండేది కాదు. పత్రికా రచయితలు, కోచ్‌లు ఓట్లేసి విజేతను తేల్చేవాళ్లు. చివరి ఆటలో ఆ జట్టు ఓడించిన మిషిగన్‌కు ఆ ఏడాది ఆరు గెలుపులే ఉన్నాయని పెద్ద జట్ల అభిమానులు ఇప్పటికీ దెప్పుతుంటారు.

1998లో బీసీఎస్ అనే విధానం వచ్చింది. మొదటి రెండు ర్యాంకుల జట్లకు ఫైనల్, తర్వాతి వాళ్లకు సీజన్ చివర జరిగే పేరున్న బౌల్ ఆటలు. అప్పట్లో ఉన్న ఆరు పెద్ద కాన్ఫరెన్స్‌ల విజేతలకు చోటు ముందే ఖాయం. తొలి ఆరు సీజన్లలో చిన్న కాన్ఫరెన్స్‌ల జట్టు ఒక్కటీ ఆ పెద్ద వేదికలు ఎక్కలేదు. 1998లో టులేన్, 1999లో మార్షల్ ఒక్క ఓటమీ లేకుండా సీజన్లు ముగించినా వాళ్లను పలకరించిన నాథుడు లేడు.

2004లో అర్బన్ మేయర్ కోచ్‌గా ఉన్న యూటా జట్టు ఆ గోడను బద్దలు కొట్టి, ఫియస్టా బౌల్‌లో పిట్స్‌బర్గ్‌ను 35-7తో ఓడించింది. రెండేళ్లకు బాయ్‌సీ స్టేట్ వంతు. ఐడహో రాష్ట్రంలో, నీలిరంగు మైదానంలో ఆడే ఆ జట్టు 2007 జనవరి 1న ఓక్లహామాను ఎదుర్కొంది. ఆట చివరి సెకన్లలో ఓటమి ఖాయమనుకున్న దశలో, పాస్ అందుకున్న ఆటగాడు పక్కనుంచి దూసుకొచ్చిన సహచరుడికి బంతి అందించే గల్లీ తరహా ఎత్తుతో స్కోరు సమం చేసింది. అదనపు సమయంలో, పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతున్నట్టు నటిస్తూ, వీపు వెనకనుంచి ఇయాన్ జాన్సన్‌కు అందించాడు. 43-42. గెలిపించిన జాన్సన్ టీవీ కెమెరాల ముందే మోకాళ్ల మీద కూర్చుని చీర్‌లీడర్ అయిన ప్రియురాలికి పెళ్లి ప్రస్తావన చేశాడు. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అంతటి ముగింపు ఉన్న ఆటలు అరుదు.

2008లో యూటా మళ్లీ అజేయంగా నిలిచి, షుగర్ బౌల్‌లో అలబామాను 31-17తో మట్టికరిపించింది. ఆ సీజన్‌లో ఓటమి ఎరగని జట్టు అదొక్కటే. అయినా ఒక ఆట ఓడిన ఫ్లోరిడాకే కిరీటం దక్కింది, యూటాకు రెండో ర్యాంకు. ఆ రాష్ట్ర సెనేటర్ ఓరిన్ హాచ్ ఊరుకోలేదు. 2009లో సెనేట్‌లో విచారణ పెట్టించారు. అధ్యక్షుడిగా ఎన్నికైన కొత్తలో బరాక్ ఒబామా సైతం ఎనిమిది జట్లతో ప్లేఆఫ్ పెట్టాలని టీవీ ఇంటర్వ్యూలో అన్నారు.

2009 సీజన్ చివర జరిగింది మరీ విడ్డూరం. బాయ్‌సీ స్టేట్, మరో చిన్న జట్టు టీసీయూ రెండూ అజేయంగా వచ్చాయి. ఏదైనా పెద్ద జట్టుతో ఆడించి సత్తా చూడొచ్చు కదా? ఆ రెంటినీ ఒకదానితో ఒకటి ఆడించారు! మరుసటి ఏడాది ఒహాయో స్టేట్ అధ్యక్షుడు గోర్డన్ గీ, ఇలాంటి జట్ల షెడ్యూళ్లు బలహీనమని బాహాటంగా ఎగతాళి చేశారు. కొన్ని వారాలకే, ఒహాయో స్టేట్ ఆడే బిగ్ టెన్‌ నుంచే వచ్చిన విస్కాన్సిన్‌ను టీసీయూ రోజ్ బౌల్‌లో 21-19తో ఓడించి 13-0తో సీజన్ ముగించింది. దానికీ రెండో ర్యాంకే.

మాకు మేమే ఛాంపియన్లం!

2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్ మొదలైంది. చోట్లు రెండు నుంచి నాలుగయ్యాయి కాబట్టి చిన్నవాళ్లకు దారి దొరుకుతుందనుకున్నారు. ఆర్లాండోలోని సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ (యూసీఎఫ్) 2017లో పన్నెండుకు పన్నెండూ గెలిచింది. కమిటీ ఇచ్చిన ర్యాంకు కూడా పన్నెండే! ప్లేఆఫ్ బదులు దక్కిన పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ను 34-27తో ఓడించింది. ఆ ఆబర్న్ అదే సీజన్‌లో అలబామానూ జార్జియానూ ఓడించిన జట్టు. జాతీయ ఫైనల్ ఆడింది ఎవరనుకున్నారు... అలబామా, జార్జియానే!

యూసీఎఫ్ క్రీడా విభాగం అధిపతి డానీ వైట్ ఇక ఆగలేదు. 'మేమే జాతీయ ఛాంపియన్లం' అని ప్రకటించేశారు. డిస్నీ వరల్డ్‌లో ఊరేగింపు తీశారు. దేశమంతా నవ్వింది. కానీ కంప్యూటర్ లెక్కల ఆధారంగా ర్యాంకులిచ్చే కాలీ పట్టికలో ఆ ఏడాది మొదటి స్థానం నిజంగానే యూసీఎఫ్‌ది. మరుసటి ఏడాదీ సీజన్ మొత్తం గెలిస్తే కమిటీ దయతలచి ఎనిమిదో ర్యాంకు దాకా తెచ్చింది. నాలుగులోకి మాత్రం రానివ్వలేదు.

తలుపు ఒక్కసారే తెరుచుకుంది, 2021లో. సిన్సినాటి అంతకు ముందు ఏడాదే అజేయంగా సీజన్ ముగించి, బౌల్ ఆటలో జార్జియాను చివరిదాకా వణికించి మూడు పాయింట్లతో ఓడింది. కోచ్ లూక్ ఫికెల్ కదల్లేదు. క్వార్టర్‌బ్యాక్ డెస్మండ్ రిడర్, కార్నర్‌బ్యాక్ సాస్ గార్డ్‌నర్ కదల్లేదు. 2021 అక్టోబరులో నోటర్‌డామ్‌ను వాళ్ల గడ్డ మీదే 24-13తో ఓడించారు. పైగా పెద్ద జట్లు కొన్ని వేళకు ఓడిపోయి దారిచ్చాయి. ఇవన్నీ కలిసొస్తేనే నాలుగో స్థానం దక్కింది. సెమీఫైనల్లో అలబామా 27-6తో గెలిచింది. పదేళ్ల నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో మొత్తం చోట్లు నలభై. చిన్న కాన్ఫరెన్స్‌కు దక్కింది ఒకే ఒక్కటి.

2023లో ఆ నలభైలో ఆఖరు చోట్లు నింపినప్పుడు పెద్ద కాన్ఫరెన్స్‌కూ దెబ్బ తగిలింది. ఏసీసీ విజేత ఫ్లోరిడా స్టేట్ 13-0తో ఉన్నా, క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడన్న కారణంతో కమిటీ పక్కన పెట్టింది. అజేయంగా ఉన్నా చోటు లేకపోవడం ఎలా ఉంటుందో పెద్దవాళ్లకూ అర్థమైంది.

* 

అజేయులే... అయినా!
(నాలుగు జట్ల ప్లేఆఫ్, అంతకు ముందు బీసీఎస్ కాలంలో ఫైనల్ మెట్టు ఎక్కనివ్వని కొన్ని సీజన్లు)

• టులేన్, 1998: 12-0
• మార్షల్, 1999: 13-0
• బాయ్‌సీ స్టేట్, 2006: 13-0
• యూటా, 2008: 13-0, చివరి ర్యాంకు 2
• టీసీయూ, 2010: 13-0, చివరి ర్యాంకు 2
• వెస్టర్న్ మిషిగన్, 2016: బౌల్ ఆటకు ముందు 13-0, కమిటీ ర్యాంకు 15
• యూసీఎఫ్, 2017: 13-0
• లిబర్టీ, 2023: బౌల్ ఆటకు ముందు 13-0, కమిటీ ర్యాంకు 23

*

ఓడిపోవడానికి పద్నాలుగు లక్షల డాలర్లు

'బలమైన జట్లతో ఆడండి, అప్పుడు నమ్ముతాం' అంటుంది కమిటీ. ఆడనిచ్చేదెవరు? పెద్ద జట్లు చిన్నవాళ్ల ఊరికి రావడం అరుదు. వస్తే టికెట్ల ఆదాయం పోతుంది, ఓడితే పరువూ పోతుంది. అందుకే డబ్బిచ్చి తమ ఊరికే రప్పించుకుంటాయి. సీజన్ మొదట్లో సొంత ప్రేక్షకుల ముందు ఒక తేలిక గెలుపు, చిన్న కాలేజీ ఖజానాకు కొంత ఆదాయం. ఇద్దరికీ లాభమే. బాగా ఆడే చిన్న జట్టుకు మాత్రం ఆ పిలుపూ తగ్గిపోతుంది. డబ్బిచ్చి మరీ ఓటమి కొనుక్కోవాలని ఎవరికుంటుంది?

అప్పుడప్పుడూ ఆ బేరం బెడిసికొడుతుంది. 2024 సెప్టెంబరు 7న నోటర్‌డామ్ పద్నాలుగు లక్షల డాలర్లిచ్చి నార్తర్న్ ఇలినాయ్‌ను పిలిపించుకుంది. చివరి నిమిషంలో ఫీల్డ్ గోల్‌తో నార్తర్న్ ఇలినాయ్ 16-14తో గెలిచింది. ఆ కాలేజీ పూర్వ విద్యార్థి అయిన కోచ్ థామస్ హామక్ మైదానంలోనే కన్నీళ్ల పర్యంతమయ్యాడు. ఆ తర్వాతేం జరిగింది? ఓడిన నోటర్‌డామ్ ఆ సీజన్‌లో జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. గెలిచిన నార్తర్న్ ఇలినాయ్ సొంత కాన్ఫరెన్స్‌లో కొన్ని ఆటలు ఓడి మామూలుగా మిగిలిపోయింది. ఇందులో కమిటీ చేసిన అన్యాయం లేదు. అయితే ఒక ఓటమిని దిద్దుకోవడానికి పెద్ద జట్టు ముందు పేరున్న ప్రత్యర్థులు వరసగా ఉంటారు, ఒక్కో గెలుపుకీ ర్యాంకు పైకి పాకుతుంది. చిన్న జట్టు ఒక్కసారి జారితే, తర్వాత ఎన్ని గెలిచినా 'ఎవరి మీద?' అన్న ప్రశ్నే ఎదురవుతుంది.

ఇకముందు ఆ కొద్ది అవకాశాలూ తగ్గేలా ఉన్నాయి. 2026 నుంచి ఎస్ఈసీ జట్లు సొంత కాన్ఫరెన్స్‌లో ఎనిమిది బదులు తొమ్మిది ఆటలు ఆడతాయి. బయటివాళ్లకు మిగిలేవి మూడే, వాటిలోనూ ఒకటి మరో పెద్ద జట్టుతో ఆడి తీరాలి.

మెట్లు లేని మేడ

మన రంజీ ట్రోఫీలో హైదరాబాద్ జట్టు కథ గుర్తుందా? వరస ఓటములతో కిందికి జారి, 2023-24లో ప్లేట్ విభాగంలో ఆడాల్సొచ్చింది. అక్కడ ఫైనల్లో మేఘాలయను ఓడించి మరుసటి ఏడాదికి ఎలైట్‌లోకి తిరిగొచ్చింది. దిగజారడానికీ, ఎక్కడానికీ మెట్లున్నాయి. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మేడకు ఆ మెట్లు లేవు. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఏటా అడుగున ఉండే జట్టు కిందికి దిగదు. చిన్న కాన్ఫరెన్స్‌లో పదేళ్లు గెలిచిన జట్టు గెలుపుతోనే పైకి పోదు. పైవాళ్లు టీవీ మార్కెట్ చూసి, ఆదాయం చూసి పిలవాలి.

పిలుస్తారు కూడా. వ్యవస్థ చిన్న జట్ల సమస్యను పరిష్కరించే తీరే అది. యూటా 2011లో అప్పటి పెద్ద కాన్ఫరెన్స్ పాక్-12కు వెళ్లింది. టీసీయూ 2012లో బిగ్ 12కు వెళ్లింది. 2023లో సిన్సినాటి, యూసీఎఫ్, హ్యూస్టన్, బ్రిగమ్ యంగ్ నాలుగూ ఒకేసారి బిగ్ 12లో చేరిపోయాయి. హ్యూస్టన్‌కు ఆ మెట్టు ఎక్కించింది ఉత్తరప్రదేశ్‌లో పుట్టిన ఛాన్సలర్ రేణూ ఖటోర్ హయాం. డాలస్‌లోని ఎస్ఎంయూ అయితే తొమ్మిదేళ్ల పాటు టీవీ ఆదాయంలో వాటా వదులుకుంటామని ఒప్పుకుని 2024లో ఏసీసీలో అడుగుపెట్టింది. సంపన్నులైన పూర్వ విద్యార్థులు ఆ లోటు పూడ్చారు. చేరిన తొలి ఏడాదే ప్లేఆఫ్‌కు వెళ్లింది. అదే కోచ్, దాదాపు అదే జట్టు. మారింది చిరునామా.

చిరునామా మారకపోతే ఏమవుతుందో టులేన్‌ను చూస్తే తెలుస్తుంది. ఎస్ఈసీ స్థాపక సభ్యుల్లో టులేన్ ఒకటి. 1966లో తనంతట తానే బయటికొచ్చింది. 2025లో అదే ఎస్ఈసీకి చెందిన ఓల్ మిస్ గడ్డ మీద ఓడి, 'నీకిక్కడేం పని' అనిపించుకుంది.

పన్నెండు చోట్లు... ఒక హక్కు

2024లో ప్లేఆఫ్ పన్నెండు జట్లకు పెరిగింది. దానికంటే పెద్ద మార్పు మరొకటి ఉంది. ర్యాంకుల్లో ముందున్న ఐదు కాన్ఫరెన్స్ విజేతలకు చోటు ఖాయం అన్నారు. పెద్దవి నాలుగే కాబట్టి కనీసం ఒక చిన్న జట్టు వచ్చి తీరుతుంది. ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేదు.

ఆ దారిలో మొదట వచ్చింది బాయ్‌సీ స్టేట్. ఆష్టన్ జెంటీ అనే రన్నింగ్ బ్యాక్ ఆ సీజన్‌లో బంతితో 2,601 గజాలు పరిగెత్తాడు. 1988 నుంచి చెక్కుచెదరని బారీ శాండర్స్ రికార్డుకు కేవలం 27 గజాల దూరంలో ఆగాడు. పెద్ద కాలేజీలు డబ్బు ఆశ చూపినా బాయ్‌సీని వదల్లేదు. ప్లేఆఫ్‌కు ముందు ఆ జట్టు ఓడింది ఒక్కటే, ఒరెగాన్ గడ్డ మీద 37-34తో ఆఖరు క్షణంలో. అప్పటి నిబంధన ప్రకారం నాలుగు అగ్ర విజేతల్లో ఒకటిగా మూడో సీడ్, తొలి రౌండు విశ్రాంతి దక్కాయి. క్వార్టర్‌ఫైనల్లో పెన్ స్టేట్ 31-14తో గెలిచింది. విశ్రాంతి దక్కిన నాలుగు జట్లూ అదే దశలో ఓడాయి, ఒరెగాన్, జార్జియాతో సహా. కానీ 'తొమ్మిదో ర్యాంకు జట్టుకు మూడో సీడా?' అన్న గోల మాత్రం బాయ్‌సీ మీద పడింది. మరుసటి ఏడాదే నిబంధన మార్చి, సీడ్లు నేరుగా ర్యాంకుల ప్రకారం ఇచ్చారు.

2025లో ఊహించని మలుపు. ఏసీసీ విజేతగా ఎనిమిది గెలుపులు, ఐదు ఓటములున్న డ్యూక్ తేలింది. ర్యాంకుల్లో దానికంటే టులేన్, జేమ్స్ మాడిసన్ రెండూ పైన ఉన్నాయి. అలా రెండు చోట్లు చిన్నవాళ్లకు వచ్చాయి. వాటి ర్యాంకులు 20, 24. పదకొండో ర్యాంకులో ఉన్న నోటర్‌డామ్ బయట మిగిలింది. ఆ అలకతో మరే బౌల్ ఆటా ఆడనంది.

ఇక్కడ ఇంకో పిట్టకథ ఉంది. 2024లో టులేన్‌కు ఆడిన క్వార్టర్‌బ్యాక్ డారియన్ మెన్సాను ఆ సీజన్ ముగియగానే డ్యూక్ ఎగరేసుకుపోయింది. రెండేళ్లకు 80 లక్షల డాలర్లని వార్తలొచ్చాయి. 2025 సెప్టెంబరులో అతను డ్యూక్ జట్టుతో న్యూ ఆర్లియన్స్ వచ్చాడు. టులేన్ 34-27తో గెలిచింది. తన ఆటగాడిని తీసుకెళ్లిన పెద్ద జట్టును ఓడించి మరీ చిన్న జట్టు ప్లేఆఫ్‌కు వచ్చిందన్నమాట. అయితే 2026 నుంచి నాలుగు పెద్ద కాన్ఫరెన్స్‌ల విజేతలకూ ర్యాంకుతో పనిలేకుండా చోటు ఇస్తారు, మిగిలినవాళ్లలో ముందున్న ఒక్క విజేతకు మరో చోటు. ఈ నిబంధన ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే, ఐదు ఓటముల డ్యూక్ లోపల, ఒకే ఓటమి ఉన్న జేమ్స్ మాడిసన్ బయట!

హారిసన్‌బర్గ్ నుంచి కిరీటం దాకా

అసలు కథ డిసెంబరు 20 తర్వాత నడిచింది. జేమ్స్ మాడిసన్‌ను ఓడించిన ఒరెగాన్ సెమీఫైనల్‌కు చేరింది. అక్కడ ఇండియానా దాన్ని 56-22తో తుడిచిపెట్టేసింది. ఆట తొలి ఎత్తులోనే ఒరెగాన్ పాస్‌ను మధ్యలో అందుకుని టచ్‌డౌన్ చేసిన ఆటగాడు డాంజెలో పాండ్స్. కాలేజీ కెరీర్ మొదలుపెట్టింది జేమ్స్ మాడిసన్‌లో. రక్షణ వరసలో మికైల్ కమారా, ఏడెన్ ఫిషర్, పాస్‌లు అందుకునే ఎలైజా సారట్... వీళ్లందరూ జేమ్స్ మాడిసన్ నుంచి వచ్చినవాళ్లే. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన కోచ్ కర్ట్ సిగ్నెటీ 2023 దాకా జేమ్స్ మాడిసన్ కోచ్.

ఆయన రాకముందు ఏడాది ఇండియానా మూడు ఆటలే గెలిచింది. చరిత్రలో అత్యధిక ఓటముల జాబితాలో ముందు వరసలో నానిన పేరు అది. సిగ్నెటీ వచ్చిన మొదటి ఏడాదే ప్లేఆఫ్. రెండో ఏడాది 2026 జనవరి 19న మయామీ జట్టును 27-21తో ఓడించి, పదహారుకు పదహారూ గెలిచి జాతీయ విజేత. ఇండియానాకు ఏం తోడైంది? బిగ్ టెన్ సభ్యత్వం ఎప్పటినుంచో ఉంది, డబ్బుంది, షెడ్యూలుంది. గెలవడం ఎలాగో తెలిసిన కోచ్, ఆటగాళ్లు లేరు. ఆ విద్య చిన్న కాన్ఫరెన్స్ నుంచి వచ్చింది.

కాబట్టి చిన్నచోట ప్రతిభ లేదన్న వాదన నిలవదు. ప్రతిభ అక్కడే తయారవుతోంది, అక్కడ ఉండటం లేదు. కోచ్‌ల వలస ఎప్పుడూ ఉన్నదే. యూటాను అజేయంగా నిలిపిన అర్బన్ మేయర్ ఫ్లోరిడాకు, యూసీఎఫ్ స్కాట్ ఫ్రాస్ట్ నెబ్రాస్కాకు, సిన్సినాటి ఫికెల్ విస్కాన్సిన్‌కు వెళ్లిపోయారు. 2025 ప్లేఆఫ్‌కు వచ్చిన రెండు చిన్న జట్ల కోచ్‌లూ ఆ ఆటలు ఆడేనాటికే కొత్త ఉద్యోగాలు ఖాయం చేసుకున్నారు. టులేన్ జాన్ సమ్రాల్ ఫ్లోరిడాకు, జేమ్స్ మాడిసన్ బాబ్ చెస్నీ యూసీఎల్ఏకు.

కొత్తది ఆటగాళ్ల వలస. ఒకప్పుడు కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలి. 2021లో ఆ కట్టుబాటు సడలింది, అదే ఏడాది పేరు, ఫొటో వాడుకుని సంపాదించే హక్కూ వచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే ఆటగాళ్లకు ఏడాదికి సుమారు రెండు కోట్ల ఐదు లక్షల డాలర్ల దాకా పంచొచ్చు. పెద్ద కాలేజీలకు అది బడ్జెట్‌లో ఒక పద్దు. చిన్న కాలేజీల్లో చాలావాటికి అందని ద్రాక్ష. ఆటగాళ్లకు సంపాదించే హక్కు రావడం న్యాయమే. చెమటోడ్చింది వాళ్లు, కోట్లు తిన్నది వేరేవాళ్లుగా సాగిన రోజులు పోయాయి. అయితే ఆ న్యాయం ఖర్చు భరిస్తున్నది మాత్రం చిన్న జట్లు. సిన్సినాటి 2021లో చేసింది, అంటే మూడు నాలుగేళ్లు ఒకే జట్టును పెంచి పండించడం, ఇకపై దాదాపు అసాధ్యం.

ఇంతకీ చేరగలవా?

చేరగలవు. 2026లోనూ పన్నెండు చోట్లే, అందులో ఒకటి చిన్నవాళ్లది. బాయ్‌సీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్ లాంటి జట్లు కలిసి కూలిపోయిన పాక్-12ను మళ్లీ కట్టుకున్నాయి కాబట్టి ఆ ఒక్క చోటుకు పోటీ ఇంకా రంజుగా ఉంటుంది. ఒక ఆట గెలవనూ గలవు. 2023 జనవరిలో కాటన్ బౌల్‌లో ఇదే టులేన్ యూఎస్‌సీని 46-45తో ఓడించింది. కానీ వరసగా నాలుగు ఆటలు గెలిచి కిరీటం ఎత్తుకెళ్లాలంటే లోతైన జట్టు కావాలి, ఆ లోతుకు డబ్బు కావాలి. 2026 నుంచి మొదలయ్యే ప్లేఆఫ్ టీవీ ఒప్పందం ఆరేళ్లకు 780 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా బిగ్ టెన్, ఎస్ఈసీ రెండింటికే. చిన్న కాన్ఫరెన్స్‌లన్నిటికీ కలిపి పదో వంతు కూడా రాదు.

చిన్న జట్లకు ఆ ఒక్క చోటూ దండగని వాదించేవాళ్లు ఒక్కటి ఆలోచించాలి. ఆ చోటు లేకపోతే దాదాపు డెబ్బై జట్లకు ఆగస్టులో సీజన్ మొదలయ్యేనాటికే జాతీయ కల ముగిసిపోతుంది. బాస్కెట్‌బాల్‌లో ప్రతి కాన్ఫరెన్స్ విజేతకూ జాతీయ టోర్నీలో చోటుంది. 2022లో న్యూజెర్సీలోని సెయింట్ పీటర్స్ అనే బుల్లి కాలేజీ కెంటకీని మట్టికరిపించి చివరి ఎనిమిది దాకా వచ్చింది. ఏటా మార్చి నెలలో అమెరికా మొత్తం టీవీలకు అతుక్కుపోయేది అలాంటి గెలుపుల కోసమే.

చేయాల్సిన పనులు మూడున్నాయి. పెద్ద జట్లు రెండు మూడేళ్లకోసారైనా చిన్న జట్ల ఊళ్లకు వెళ్లి ఆడాలి. అలా ఆడినవాళ్లకు కమిటీ ర్యాంకుల్లో విలువ ఇవ్వాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ప్రపంచ సాకర్‌లో ఒక ఆటగాడు భారీ మొత్తానికి కొత్త క్లబ్‌కు అమ్ముడైతే, చిన్నప్పుడు అతన్ని తీర్చిదిద్దిన క్లబ్‌లకు ఆ సొమ్ములో ఐదు శాతం పంచాలని ఫిఫా నిబంధన. కాలేజీ ఫుట్‌బాల్‌లో కోచ్ వెళ్తే పాత కాలేజీకి పరిహారం వస్తుంది, ఆటగాడు వెళ్తే అలా ఇప్పించే నియమం లేదు. ఆటగాడి స్వేచ్ఛకు అడ్డు రాకుండా, తీసుకునే కాలేజీ నుంచి పెంచిన కాలేజీకి వాటా ఇప్పిస్తే చాలు. పాండ్స్, కమారా లాంటివాళ్లు వెళ్లిన ప్రతిసారీ హారిసన్‌బర్గ్‌లో మరో నలుగురిని తయారుచేసే డబ్బు మిగులుతుంది.

ప్లేఆఫ్‌ను 16 జట్లకు పెంచాలని కొందరు, 24కు పెంచాలని కొందరు పెద్దలు బేరాలాడుతున్నారు. చోట్లు పెరిగితే చిన్న జట్లకు మేలని పైకి అనిపిస్తుంది. పెరిగిన చోట్లన్నీ పెద్ద కాన్ఫరెన్స్‌ల మూడో, నాలుగో, ఐదో జట్లకే పోతే ఒరిగేదేమీ లేదు. అందుకే రాబోయే ఒప్పందంలో చిన్న కాలేజీలు గట్టిగా అడగాల్సింది ఎన్ని చోట్లని కాదు. తాము పెంచిన జట్టును మరుసటి ఏడాదికి కూడా తమ దగ్గరే నిలుపుకునే స్తోమతను అడగాలి. అది దక్కిన నాడు కిరీటం గురించీ మాట్లాడుకోవచ్చు.